కడుపు క్యాన్సర్: నెత్తుటిలో చిన్న ఆర్‌ఎన్‌ఏల ఆచూకీ

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనేది దాదాపు 22 అక్షరాల పొడవుండే ఆర్‌ఎన్‌ఏ ముక్క. ఇక్కడ అక్షరమంటే న్యూక్లియోటైడ్. మామూలు సందేశక ఆర్‌ఎన్‌ఏ వందల, వేల అక్షరాల పొడవుంటుంది. దాన్ని చదువుకుని కణం ప్రోటీన్ తయారుచేస్తుంది. ఈ చిన్న ముక్కను చదివి ఏ ప్రోటీనూ తయారుకాదు. ఏ సందేశం ఎంతమేరకు అమలు కావాలో, ఏది ఆగిపోవాలో చూడటమే దీని పని. అందుకే వీటిని నియంత్రక ఆర్‌ఎన్‌ఏలు అంటారు. మనిషి జన్యురాశిలో వీటి సంఖ్య వెయ్యికి పైమాటే. కడుపులో క్యాన్సర్ తలెత్తినప్పుడు వీటిలో కొన్ని మామూలుకంటే పెరుగుతాయి, కొన్ని తగ్గిపోతాయి. ఆ హెచ్చుతగ్గులు కొంతవరకు రక్తంలోనూ కనిపిస్తాయి. గొట్టం మింగే పనిలేకుండా, చేతినుంచి తీసిన కాస్త రక్తంతోనే కడుపు క్యాన్సర్‌ను తొలిదశలో అనుమానించే వీలుందా అన్న పరిశోధన అంతా ఈ పరిశీలన మీదే నడుస్తోంది.

ఇంత ప్రయాస ఎందుకంటే, ఈ జబ్బు బయటపడే తీరు అలాంటిది. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 9 లక్షల 68 వేల మందికి కొత్తగా కడుపు క్యాన్సర్ వచ్చిందని, సుమారు 6 లక్షల 60 వేల మంది దానివల్ల చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, జబ్బు ఎంత ఆలస్యంగా పట్టుబడుతోందో తెలుస్తుంది. తొలిదశలో బాధ ఉండదు. ఉన్నా అది నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పుల్లతేన్పులు, రొమ్ము కింద మంట. ఇవి లేని ఇల్లు ఉండదు. గ్యాస్ అనుకుని మందుల షాపులో బిళ్ల కొనుక్కుంటారు. ఆమ్లాన్ని తగ్గించే ఆ బిళ్లలు మంటను చల్లార్చి, లోపలున్న వ్యాధిని కొంతకాలం కప్పిపుచ్చగలవు కూడా. అన్నం సయించక, బరువు తగ్గి, మలం నల్లగా పడేనాటికి కణితి చాలాసార్లు కడుపు గోడను దాటిపోయి ఉంటుంది. పైపొరల్లోనే ఉండగా తీసేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతారు. ముదిరిన తర్వాత ఆ భరోసా ఏ వైద్యుడూ ఇవ్వలేడు.

జబ్బును నిర్ధారించే పరీక్ష ఎండోస్కోపీయే. కెమెరా ఉన్న గొట్టాన్ని నోటిద్వారా కడుపులోకి పంపి, అనుమానమున్న చోట చిన్న ముక్క (బయాప్సీ) తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉన్న దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి జాతీయ కార్యక్రమం కింద పరీక్ష చేస్తారు. జపాన్ చాలాకాలం బేరియం ఎక్స్‌రే మీద ఆధారపడి, తర్వాత ఎండోస్కోపీని కూడా చేర్చుకుంది. భారతదేశంలో కడుపు క్యాన్సర్‌కు అలాంటి జాతీయ పరీక్షా కార్యక్రమం లేదు. దేశం మొత్తంమీద చూస్తే ఈ క్యాన్సర్ తూర్పు ఆసియాలోకంటే బాగా తక్కువ. మిజోరంలో మాత్రం చాలా ఎక్కువ, దక్షిణాదిన చెన్నై వంటి చోట్ల ఉత్తరాదికంటే ఎక్కువ. ఇలాంటి దేశంలో నడివయసు దాటిన ప్రతివారికీ గొట్టం వేయడం సాధ్యమూ కాదు, సమంజసమూ కాదు. ఎవరికి వేయాలి అన్నదే అసలు ప్రశ్న. చిన్న ఆర్‌ఎన్‌ఏల మీద పెట్టుకోదగిన ఆశ ఆ ప్రశ్న వరకే.

వీటి ఉనికి మొదట తెలిసింది మట్టిలో బతికే, ఒక మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగులో. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కన్ ఆ పురుగు ఎదుగుదలలో తేడాలు తెచ్చే జన్యువులను పరిశీలిస్తున్నారు. లిన్-4 అనే జన్యువునుంచి ప్రోటీన్ రావడం లేదని, 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ మాత్రమే వస్తోందని, అది లిన్-14 అనే మరో జన్యువు సందేశాన్ని అణచివేస్తోందని 1993లో వెల్లడైంది. చాలామంది దాన్ని ఆ పురుగుకే పరిమితమైన వింతగా చూశారు. 2000లో రువ్‌కన్ బృందం లెట్-7 అనే మరో చిన్న ఆర్‌ఎన్‌ఏను కనుగొంది. అది మనిషితో సహా ఎన్నో జంతువుల్లో ఉన్నట్టు తేలడంతో పరిస్థితి మారింది. ఈ ఆవిష్కరణకు ఆంబ్రోస్, రువ్‌కన్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవి కణంలో తయారయ్యే క్రమం కాస్త పొడవైనదే అయినా, తర్వాత చెప్పబోయే విషయాలకు అవసరం. ముందు కేంద్రకంలో ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. డ్రోషా అనే ఎంజైమ్ దాన్ని దాదాపు 70 అక్షరాల, వంకీ తిరిగిన ముక్కగా కత్తిరిస్తుంది. ఆ ముక్క కేంద్రకం బయటికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైమ్ దాన్ని 22 అక్షరాలకు కుదిస్తుంది. చివరకు ఆ ముక్క ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో అమరుతుంది. ఆర్గొనాట్ దాన్ని వెంటబెట్టుకుని సందేశక ఆర్‌ఎన్‌ఏల కొసలను వెతుకుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలోని రెండో అక్షరంనుంచి ఎనిమిదో అక్షరం దాకా జత కుదిరితే చాలు, ఆ సందేశం నుంచి ప్రోటీన్ తయారీ తగ్గుతుంది లేదా సందేశమే నశిస్తుంది. ఏడెనిమిది అక్షరాల జతే కాబట్టి ఒక్కో చిన్న ఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలను తాకగలదు. ఒక్కటి అదుపు తప్పితే కణంలో ఎన్నో పనులు ఒకేసారి చెదిరేది ఇందువల్లనే.

క్యాన్సర్‌తో వీటి సంబంధం 2002లో తేలింది. కార్లో క్రోచే బృందం ఒక రకం దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌లో 13వ క్రోమోజోమ్‌ నుంచి తరచుగా జారిపోయే భాగంలో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులున్నట్టు చూపింది. 2005లో లెట్-7, కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టగల రాస్ జన్యువును అణచి ఉంచుతుందని తెలిసింది. రాస్ పేరు వచ్చినచోట తెలుగువారు గుర్తుంచుకోదగిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడంతో మూత్రాశయ కణానికి క్యాన్సర్ గుణం వచ్చిందని సహచరులతో కలిసి 1982లో నిరూపించారు. ఇతర బృందాలు కూడా అప్పుడే ఆ నిర్ణయానికి వచ్చాయి. కడుపు క్యాన్సర్లలో కొన్నిటిలోనూ రాస్ కుటుంబపు జన్యువులు మితిమీరి పనిచేస్తాయి. వాటిని అదుపులో ఉంచే లెట్-7 ఆ కణాల్లో తగ్గిపోయి ఉండటం కాకతాళీయం కాదు.

కడుపు క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1980ల తొలినాళ్లలో దాన్ని గుర్తించారు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని నిర్ధారిత క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. చిన్నతనంలోనే సోకి, మందు వాడకపోతే దశాబ్దాల తరబడి కడుపులో ఉండిపోతుంది. కడుపు పొర ముందు వాస్తుంది. తర్వాత గ్రంథులు క్షీణించి పొర పలచబడుతుంది. ఆ తర్వాత కడుపు పొర పేగు పొర లక్షణాలు తెచ్చుకుంటుంది. కొందరిలో అదే క్యాన్సర్‌కు దారితీస్తుంది. పెలాయో కొరియా అనే వైద్యుడు వివరించిన ఈ వరుసలో ప్రతి మెట్టుమీదా చిన్న ఆర్‌ఎన్‌ఏలు మారతాయి. బ్యాక్టీరియా సోకిన పొరలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 155, 146 పెరుగుతాయి. అవి వాపును అదుపుచేసే ప్రయత్నంలో భాగం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 21 కూడా పెరుగుతుంది. అది కణ విభజనకు కళ్లెం వేసే పీటెన్ వంటి ప్రోటీన్లను తగ్గిస్తుంది. ఆ బ్యాక్టీరియా మన కణంలోకి ఎక్కించే క్యాగ్-ఏ అనే ప్రోటీన్ లెట్-7ను తగ్గించి రాస్‌ను పెంచుతుందని ప్రయోగాల్లో తేలింది. ఒక క్రిమి చేసిన పని ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ద్వారా క్యాన్సర్ జన్యువుదాకా పోతున్న దారి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదే వరుసలో జపాన్ శాస్త్రవేత్తలు చూపిన మరో విషయం ఇంకా విలువైనది. కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులకు మిథైల్ అనే రసాయన గుర్తు అంటుకుని అవి మూగబోతాయి. బ్యాక్టీరియాను మందులతో చంపేసినా ఆ గుర్తులు పూర్తిగా చెరిగిపోవు. తొలిదశ కణితిని ఎండోస్కోపీతో తీయించుకున్నవారిలో మిగిలిన కడుపు పొరలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 124 జన్యువుపై ఈ గుర్తులు ఎంత ఎక్కువగా ఉంటే, మరోచోట కొత్త క్యాన్సర్ వచ్చే ప్రమాదం అంత ఎక్కువని వారు ఏళ్ల తరబడి రోగులను గమనించి తేల్చారు. కడుపు పొర పడిన కష్టమంతా ఆ జన్యువు మీద మిగిలే ఉందన్నమాట.

కణంలో జరిగిన మార్పు రక్తంలో ఎలా దొరుకుతుంది? రక్తంలో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు పుష్కలంగా ఉంటాయి. విడిగా తేలే ఆర్‌ఎన్‌ఏ క్షణాల్లో నశించిపోవాలి. అయినా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రక్తంలో చెక్కుచెదరకుండా ఉంటున్నాయని 2008లో వేర్వేరు దేశాల బృందాలు చూపాయి. వీటిలో కొన్ని కణాలు విడిచే అతిచిన్న పొర సంచుల్లో ఉంటాయి. ఎక్కువ భాగం ఆర్గొనాట్ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. కొన్ని మంచి కొలెస్టరాల్‌ను మోసే కణాలతో కలిసి కనిపిస్తాయి. 2010లో క్యోటో వైద్యులు కడుపు క్యాన్సర్ రోగుల రక్తద్రవంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 17, 21, 106ఏ, 106బి ఆరోగ్యవంతులకంటే ఎక్కువగానూ, లెట్-7ఏ తక్కువగానూ ఉన్నట్టు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత పెరిగినవి తగ్గాయి కూడా. కణితి పోగానే అంకె దిగిందంటే ఆ అంకెకు మూలం కణితే అనుకోవడానికి ఆధారం దొరికినట్టే.

ఆ తర్వాత ఒక్కొక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేరుతో పరిశోధనా పత్రాలు వెల్లువెత్తాయి. వాటిలో చాలావాటిని మరోచోట మళ్లీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. కారణాల్లో మొదటిది మైక్రో ఆర్‌ఎన్‌ఏ 21 వంటివి కడుపు క్యాన్సర్‌కే ప్రత్యేకం కాకపోవడం. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లలోనూ, ఒట్టి వాపులోనూ అది పెరుగుతుంది. అందువల్ల ఏ ఒక్క చిన్న ఆర్‌ఎన్‌ఏనూ కడుపు క్యాన్సర్ సూచికగా నమ్మడానికి వీల్లేదు. కొన్నిటిని కలిపి చూడాలి.

కొన్ని కొలతలను కలిపి ఒక మనిషిని ఏ కోవలో చేర్చాలో తేల్చే గణితానికి విశాఖతో దగ్గరి బంధముంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, గణాంక శాస్త్రవేత్త ఫిషర్ రెండు వర్గాలకు రూపొందించిన పద్ధతిని అనేక వర్గాలకు విస్తరిస్తూ 1948లో పత్రం ప్రచురించారు. విడివిడిగా ఏ కొలతా వర్గాలను వేరుచేయలేకపోయినా, తగిన పాళ్లలో కలిపితే వేరుచేయగలదన్నది ఆ ఆలోచన సారం. నేడు పలు ఆర్‌ఎన్‌ఏల అంకెలను ఒకే స్కోరుగా మలిచే లెక్కలన్నీ ఆ ఆలోచనకు వారసులే.

పన్నెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అలా కలిపి చూసే పరీక్షను సింగపూర్ పరిశోధకులు తయారుచేశారు. గ్యాస్ట్రోక్లియర్ అనే ఆ పరీక్షకు 2019లో ఆ దేశ ఆరోగ్య నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఎండోస్కోపీకి వచ్చిన 4,566 మంది రక్తాన్ని ముందే తీసి పరీక్షించి, గొట్టం వేసి సరిచూశారు. క్యాన్సర్ ఉన్నవారిలో నూటికి 87 మందిని పరీక్ష పట్టుకుంది. క్యాన్సర్ లేనివారిలో నూటికి సుమారు 68 మందికి లేదని సరిగ్గా చెప్పింది. సీఈఏ, సీఏ 19-9 వంటి పాత రక్తపరీక్షలకంటే ఇది చాలా మెరుగు.

ఈ శాతాలు ఆచరణలో ఏమవుతాయో ఒక ఊహాలెక్కతో చూడాలి. వెయ్యిమందిలో ఐదుగురికి క్యాన్సర్ ఉందనుకుంటే, ఈ పరీక్ష వారిలో నలుగురిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేయవచ్చు. మిగిలిన 995 మందిలో దాదాపు 314 మందిని అనవసరంగా అనుమానిస్తుంది. అంటే వెయ్యిమందికి బదులు సుమారు 320 మందికి గొట్టం వేస్తే నలుగురు దొరుకుతారు. అనుమానం వచ్చిన ఎనభైమందిలో దాదాపు ఒక్కరికే నిజంగా జబ్బుంటుంది. రక్తపరీక్షలో తేడా వచ్చిందని తెలిసిన కుటుంబం ఆ రాత్రి నిద్రపోదు. కనుక ఈ అంకెలను వైద్యుడు కాగితం చేతికిచ్చే ముందే వివరించి చెప్పి తీరాలి. జబ్బు ఇంకా అరుదుగా ఉన్న జనాభాలో అనవసరపు అనుమానాల వాటా మరింత పెరుగుతుంది. ఎక్కువమందిని గొట్టం నుంచి తప్పించడం వరకు ఈ పరీక్షకు విలువ ఉంది. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు.

ఫలితాలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రావడానికి రెండో కారణం రక్తాన్ని తీసి భద్రపరిచే తీరు. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. కరిగిన ఉక్కునుంచి తీసే చిన్న నమూనా ల్యాడిల్ అనే పెద్ద పాత్రలోని ఉక్కు అంతటి గురించి నిజం చెప్పాలంటే, నమూనాలో స్లాగ్ అనే మడ్డి కలవకూడదు. రక్తనమూనాకు ఎర్రకణాలే ఆ బెడద. వాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 451, 16 కిక్కిరిసి ఉంటాయి. సూది సరిగా పడక, సిరంజిని గట్టిగా లాగడం వల్ల కొన్ని ఎర్రకణాలు పగిలినా అంకెలన్నీ తారుమారవుతాయి. చాలా ప్రయోగశాలలు మైక్రో ఆర్‌ఎన్‌ఏ 16నే ఆధార కొలతగా వాడాయి కాబట్టి పొరపాటు రెట్టింపైంది. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని చిన్న ఆర్‌ఎన్‌ఏలను విడిచిపెడతాయి. అందువల్ల గడ్డకట్టించి తీసిన సీరమ్ అంకెలను, గడ్డకట్టకుండా తీసిన ప్లాస్మా అంకెలతో పోల్చకూడదు. హెపారిన్ ఉన్న ట్యూబులో తీస్తే ఆర్‌ఎన్‌ఏను కొలిచే పీసీఆర్ చర్యే దెబ్బతింటుంది. పీసీఆర్‌లో ప్రతి చక్రానికీ పదార్థం రెట్టింపవుతుంది. మూడు చక్రాల తేడా అంటే ఎనిమిది రెట్ల తేడా. విశాఖ వేసవిలో, గాలిలో తేమ ఉడికించే రోజున, ఏజెన్సీ గ్రామంలో తీసిన రక్తం ఘాట్ రోడ్డు దిగి ప్రయోగశాలకు చేరేలోపు ఏమవుతుందో ముందే కొలిచి తెలుసుకోకుండా ఈ పరీక్షను ఇక్కడ ప్రవేశపెట్టడం సరికాదు.

రక్తం కణితికి నకలు కాదన్న సంగతికి పైవీ ఆర్‌ఎన్‌ఏలు మంచి ఉదాహరణ. ఇవి మరో జాతి చిన్న ఆర్‌ఎన్‌ఏలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలకంటే కాస్త పొడవు. వీటిలో 651 అనే సంఖ్య గలది కడుపు క్యాన్సర్ కణజాలంలో పెరుగుతుందని, అదే రోగుల రక్తంలో తగ్గుతుందని చైనా పరిశోధకులు గుర్తించారు. కణితిలో పెరిగింది కాబట్టి రక్తంలోనూ పెరగాలన్న అంచనా ఇక్కడ తలకిందులైంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వచ్చే కడుపు క్యాన్సర్లు మరో ప్రత్యేక కోవ. మొత్తంలో ఇవి పదోవంతు లోపే. ఆ వైరస్ తన సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తయారుచేస్తుంది. వైరస్‌లలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తొలిసారి 2004లో కనబడింది ఈ వైరస్‌లోనే. మనిషి జన్యురాశిలో లేని ముక్క దొరికితే అది వైరస్‌దేనన్న దానిలో సందేహానికి తావు తక్కువ. కనుక ఈ చిన్న కోవలో రక్తసూచికకు అవకాశం ఉండవచ్చు.

ఇక పైన చెప్పిన సింగపూర్ పరీక్ష చైనీయ, కొరియన్ మూలాలవారు ఎక్కువగా ఉన్న జనాభాలో కుదిరిన పరీక్ష. భారతదేశంలో హెలికోబాక్టర్ సోకినవారు చాలా ఎక్కువ, అయినా కడుపు క్యాన్సర్ దానికి తగ్గట్టు లేదు. దీన్ని భారతీయ ప్రహేళిక అని శాస్త్రవేత్తలు అంటారు. బ్యాక్టీరియా రకాలు, ఆహారం, మనుషుల జన్యువులు, ఇవన్నీ కారణాలు కావచ్చు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నియాజ్ అహ్మద్ బృందం ఇక్కడి హెలికోబాక్టర్ జన్యురాశులను చదివిన పని ఈ ప్రహేళికకు సంబంధించినదే. ఉత్తరాంధ్ర తీరానికి తనవైన అలవాట్లున్నాయి. ఉప్పువేసి ఎండబెట్టిన చేపలు ఇక్కడి వంటలో భాగం, ఉప్పులో నిల్వచేసిన ఆహారం కడుపు క్యాన్సర్ ముప్పును పెంచుతుందనడానికి ఆధారాలున్నాయి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ వల్ల వచ్చే అంగిటి క్యాన్సర్‌తో ఈ ప్రాంతం పేరు వైద్యగ్రంథాలకెక్కింది. పొగాకు పొగ కడుపుకూ కీడు చేస్తుంది. ఇలాంటి జనంలో ఏ అంకె మామూలు, ఏది కాదు అన్నది ఇక్కడి రక్తంతోనే తేలాలి.

ఆ పని చేయడానికి కావలసినవి విశాఖ ఉక్కు కర్మాగారపు టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం చుట్టూ ఉన్నాయి. కూతవేటు దూరంలో అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉంది. నగరంలో ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. టౌన్‌షిప్‌లో ఉద్యోగుల కోసం విశాఖ స్టీల్ జనరల్ ఆసుపత్రి ఉంది. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్యపరీక్ష చేయాలని చట్టం చెబుతుంది. ఒకేచోట దశాబ్దాలు పనిచేసి, ఒకే ఆసుపత్రిలో చూపించుకునే కుటుంబాలు పరిశోధకులకు సులభంగా దొరకవు. వారి సమ్మతితో ఏడాదికోసారి తీసిన రక్తాన్ని మైనస్ 80 డిగ్రీల వద్ద దాచి, తర్వాతి ఏళ్లలో ఎవరికి జబ్బు వచ్చిందో చూసి, వెనక్కి వెళ్లి ఆ పాత నమూనాలను కొలవగలిగితే, జబ్బు బయటపడటానికి ఎన్నేళ్ల ముందు అంకె మారిందో తెలుస్తుంది. రోగి ఆసుపత్రికి వచ్చాక తీసిన రక్తం ఆ ప్రశ్నకు ఎన్నటికీ జవాబు చెప్పలేదు. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువభాగం అలా తీసిన రక్తం మీదే జరిగాయి.

ప్రస్తుతానికి కడుపు క్యాన్సర్ నిర్ధారణకు అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చిన్న ఆర్‌ఎన్‌ఏ పరీక్షలను సిఫారసు చేయడం లేదు. నిర్ధారణ అయ్యాక బయాప్సీ ముక్కలో హర్-2 వంటి ప్రోటీన్లను చూసి మందు నిర్ణయిస్తారు. మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా పడుతున్నా, రక్తం తగ్గిపోతున్నా, దగ్గరి బంధువుల్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకుండా నేరుగా ఎండోస్కోపీ చేసే వైద్యుణ్ని కలవాలి. హెలికోబాక్టర్ ఉన్నట్టు తేలితే రెండు వారాల మందుల కోర్సును మధ్యలో మానకుండా పూర్తిచేయాలి. అది పోయిందో లేదో కనీసం నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో మళ్లీ సరిచూడాలి.